మోగని రేకు

లింగవ్వ నల్లా దగ్గర చెప్పిన మాట ఇది. ఆమెకు షహజాదీ బేగం చెప్పిందట. షహజాదీ బేగానికి ఆమె మొగుడు, కార్ల బాడీలు సరిచేసే జలాలుద్దీన్, అన్నం తింటూ నవ్వుకుంటూ చెప్పాడట. మూడు నోళ్లు మారినా మాట తరగలేదు. పెరిగితే పెరిగిందేమో.

సదయ్య పాత అంబాసిడర్ మొన్న జలాలుద్దీన్ షెడ్డుకు వచ్చిందట. లోపల కాళ్ల కింది పట్టా లేపితే నేల కనపడిందట. తలుపుల కింది రేకును వేలితో పొడిస్తే అప్పడంలా విరిగిందట. "తుప్పు మొత్తం తినేసింది, కోసి కొత్త రేకు అతకాలె" అని జలాలుద్దీన్ అంటే, పక్కన స్టూలు మీద కూర్చుని చాయ్ తాగుతున్న మనిషి, "రేకొద్దు, ఏమొద్దు. లప్పం దట్టంగ కొట్టు. మీదికెల్లి తెల్లరంగు మెరువాలె" అన్నాడట.

ఆ కూర్చున్న మనిషి సదయ్య కాదట.

"మీ బావేనట," అంది లింగవ్వ బిందె చంకకెత్తుకుంటూ. "భూపాలేనట. నాకెందుకు తల్లీ, నేను చూసిన్నా పెట్టిన్నా. ఇన్నది చెప్తున్న."

రాజకుమారి బిందె సగం కూడా నిండలేదు. అట్లాగే ఎత్తుకుని ఇంటిదారి పట్టింది.

క్వార్టర్ వెనుక రేకుల షెడ్డులో ఆమె మొగుడు మొగిలి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని తల దువ్వుకుంటున్నాడు. ఇన్నేళ్లూ ఊరందరి కార్లకు డ్రైవరుగా పోయినవాడు, ఇవ్వాళ తన కారు చూసుకోవడానికి పోతున్నాడు. పెళ్లికి ముందు ఫొటోలు దిగే జంటలను ఆ పాత అంబాసిడర్‌లో గోదావరి ఒడ్డుకు తిప్పాలి. పెళ్లినాడు అదే బండికి పూలు కట్టి బారాత్ తీయాలి. ఇప్పుడు పిల్లలందరికీ పాత కార్ల మీదనే మోజు. గోదావరిఖనిలో అట్లాంటి బండి ఇంకొకటి లేదు. మొగిలి రాత్రింబగళ్లు ఇదే లెక్క వేస్తున్నాడు.

"గా బండి మనకొద్దు," అంది రాజకుమారి, బిందె దించకుండానే.

దువ్వెన ఆగింది.

ఆమె చెప్పింది. అతను విన్నాడు. విని, దువ్వెన జేబులో పెట్టుకున్నాడు.

"లింగవ్వ నోట్లకెల్లి వచ్చిందా?"

"ఎవరి నోట్లకెల్లి వస్తేంది, నిజమైతె?"

"మా అన్న గంత పని చెయ్యడు."

"చేస్తనన్న పని ఆరేండ్ల సంది చెయ్యలే మీ అన్న. చెయ్యకూడని పని చెయ్యనీకి ఎంతసేపు?"

వెనుక షెడ్డులో గొంతు లేస్తే ముందు గదుల్లో వినపడుతుంది. మధ్యలో ఉన్నది ఒక్క ఇటుక గోడ. పెద్దకోడలు మమత చేతిలో గరిటెతోనే వచ్చి గడపలో నిలబడింది.

"పొద్దుగాల్నే మా ఆయన పేరు నోట్లేసుకొని నములుతున్నరేంది? మనిషి నైట్ షిఫ్టు దిగి ఇంకా ఇల్లే చేరలే."

"నములుతలేనక్కా. అడుగుతున్న. లప్పం కొట్టిచ్చిండా, లేదా?"

"మా ఇంట్ల ఉంటరు. మా కరెంటు కాలుస్తరు. మళ్ల మమ్ములనే అడుగుతరు."

"మీ ఇల్లెట్లయిందక్కా?" రాజకుమారి గొంతు తగ్గించింది. తగ్గిస్తేనే ఎక్కువ కోస్తుందని ఆమెకు తెలుసు. "నడుము పడిపోయి మామ బొగ్గుబాయి పనికి అన్‌ఫిట్ అయిండు. ఆయన నౌకరి బావకొచ్చింది. ఆ ఎనుక క్వార్టరొచ్చింది. పెద్దమనుషుల ముందట ఏమనుకున్నరు? నౌకరి పెద్దోనికి, బండి చిన్నోనికి. తమ్మునికో బతుకుదెరువు చూపెడ్తనని బావ మామ నెత్తి మీద చెయ్యి పెట్టిండా, లేదా?"

"పెట్టిండు. అందుకే గద కొంటున్నడు."

"కొంటున్నడు. తుప్పు కొంటున్నడు."

"అసలే కొనకపోతె మీరేం పీకుదురు?"

మొగిలి ఇద్దరి మధ్యా నిలబడి గోడను చూస్తున్నాడు. ఇట్లాంటప్పుడు గోడను చూడటం అతనికి అలవాటు.

అత్త సారవ్వ వచ్చి ఇద్దరు కోడళ్లనూ చెరో చేత్తో ఆపింది. "నోర్లు ముయ్యుండ్రి. మామ ఇంటడు."

మామ అప్పటికే విన్నాడు.

ముందు వసారాలో కుర్చీలో కూర్చుని లింగమూర్తి తన కట్టెకు నూనె రాస్తున్నాడు. నిలువెత్తు కట్టె, కొసకు ఇనుప పొన్ను. బాయిలో పనిచేసినన్నాళ్లూ అదే అతని పనిముట్టు. జట్టు లోపలికి పోయే ముందు తాను పోయి, ఆ కట్టెతో పైకప్పును తట్టి, రెండో అరచేయి బండకు ఆనించి వినేవాడు. డప్పులా మోగితే లోపల బండ విడిపోయిందని లెక్క. మోగకుండా ఠక్కున ఆగితే గట్టిదని లెక్క. అతను "నడువుండ్రి" అంటేనే జట్టు కదిలేది. అనకపోతే పైవాళ్లు చెప్పినా కదిలేది కాదు. ఈ కాలనీలో ఇప్పటికీ ముసలివాళ్లు అతన్ని చెవి లింగమూర్తి అంటారు.

భూపాల్ పెట్టిన షరతు కూడా ఆ చెవి మీదనే. "నాయిన చూసి గట్టిదన్న బండే కొంట. నాయిన గట్టిదన్నంక మంచైనా చెడ్డైనా నాకు సంబంధం లేదు. తమ్మునికి నాకు లెక్క తెగినట్టే" అన్నాడు. పంచాయితీ చేసిన బుచ్చన్నతో సహా అందరూ తలూపారు. తండ్రి చెవి కొడుక్కు అన్యాయం చేస్తుందని ఎవరనుకుంటారు?

భూపాల్ మోటార్‌సైకిల్ గేటు ముందు ఆగింది. ముఖం కడుక్కున్నా కళ్ల అంచుల్లో బొగ్గు కాటుకలా మిగిలే ఉంది. రాజకుమారి ఆగలేదు.

"బావా, జలాలుద్దీన్ షెడ్డుకు పోయినవా?"

భూపాల్ హెల్మెట్ తీసి భార్యకు ఇచ్చాడు. తడబడతాడనుకున్నారు అందరూ. తడబడలేదు.

"పోయిన. రంగేపిచ్చిన. తమ్మునికిచ్చే బండి నలుగురిల మంచిగ కనపడాలె గద."

"లప్పం?"

"లప్పం లేంది రంగు నిలుస్తదా? గోడకు రంగేసేటప్పుడు నువ్వు లప్పం పెట్టియ్యవా?" అని తమ్ముడివైపు తిరిగాడు. "ఏందిరా, నీకు గూడ నా మీద అనుమానమేనా? చెప్పు. వద్దంటె ఇప్పుడే వద్దు. గాని మళ్ల నన్ను అడుగొద్దు."

మొగిలి మళ్లీ గోడవైపు తిరిగాడు.

"వాన్నేమడుగుతవ్?" లింగమూర్తి కట్టె నేలకు ఆనించి లేచాడు. నడుము సగం దాకనే నిటారైంది. "చూసేది నేను. నా చెవిని మోసం చేసేటోడు ఇంక పుట్టలే. నడువుండ్రి."

"నేను గూడ వస్త మామా," అంది రాజకుమారి.

"బండి బేరానికి ఆడోళ్లెందుకు?" అన్నాడు భూపాల్. నవ్వుతూనే అన్నాడు.

*

సదయ్య షెడ్డు గోదావరి వంతెన వైపు పోయే రోడ్డు మీద ఉంది. బొగ్గు లారీలు పోయిన ప్రతిసారీ ఒక నల్లటి తెర లేచి నెమ్మదిగా దిగుతుంది. చెట్ల ఆకులు, టీకొట్టు కప్పులు, ఎండేసిన బట్టలు, దేన్నీ వదలదు.

సదయ్య టార్పాలిన్ లాగాడు.

అంబాసిడర్ పాలలో ముంచి తీసినట్టుంది. గుండ్రటి బానెట్టు, గుడ్ల లాంటి లైట్లు, క్రోమ్ అంచు. మొగిలి పొద్దున విన్నదంతా ఒక్క క్షణం మరిచిపోయాడు. బానెట్టు మీద చెయ్యి వేసి, దూడ వీపు నిమిరినట్టు నిమిరాడు.

తర్వాత గుర్తొచ్చింది. మోకాళ్ల మీద వంగి కిందికి చూశాడు. అడుగంతా నల్లగా, దట్టంగా, కొత్తగా తారు పూసి ఉంది. డ్రైవరు కన్ను కదా, అక్కడే ఆగింది. ఈ ఊళ్లో బండ్లు పైనుంచి పాడు కావు. బొగ్గుదుమ్ము తలుపుల కింది సందుల్లోకి దూరి, వానకు తడిసి, బురదలా అక్కడే కూర్చుంటుంది. ఆరదు. పైన రంగు మెరుస్తూనే ఉంటుంది, లోపలి నుంచి తుప్పు తింటూ వస్తుంది.

"తారు కొత్తగ పూసినట్టుందేంది సదయ్యన్నా?"

"వానలు గద తమ్మీ. నీళ్లు అంటకుండ."

"పట్టా లేపి చూడనా?"

"నాయినుండంగ నువ్వెందుకు దూరుతున్నవ్?" అన్నాడు భూపాల్. "లే. చొక్కా కరాబైతది."

మొగిలి లేచాడు. లేచినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా లేచాడు.

లింగమూర్తి కట్టె పక్కన పెట్టాడు. రేకుకు కట్టె ఎందుకు? వేలి కణుపులు చాలు. ఎడమ అరచేయి బానెట్టు మీద ఆనించి, కుడిచేత్తో తట్టి, కళ్లు మూసుకున్నాడు.

డంగ్ మంటూ మోగింది. ఆ మోత కాసేపు నిలిచింది.

లింగమూర్తి నుదురు ముడిపడింది. "ఈడ డొల్ల."

పైకప్పు తట్టాడు. అదీ మోగింది. "ఈడ గూడ డొల్లనే."

మొగిలి గుండె తేలికపడింది. నాయిన వద్దంటాడు. ఏ కారణానికైతేనేం, వద్దంటే చాలు. ఇంకో బండి చూసుకోవచ్చు, అన్న మాట ఇంకా మిగిలే ఉంటుంది.

లింగమూర్తి నడుము పట్టుకుని వంగి తలుపు కింది భాగం తట్టాడు.

ఠప్.

మోత లేదు. చప్పుడు పుట్టినచోటే చచ్చిపోయింది. అతని నుదురు విప్పారింది. ఇంకోచోట తట్టాడు. ఠప్. చక్రాల మీది రేకు, వెనుక తలుపు కింద, డిక్కీ అంచు. అంతా ఠప్, ఠప్.

"ఇగో, గిది గట్టి," అన్నాడు ముసలాయన. ముఖంలో ఎన్నాళ్లకో పాత వెలుగొచ్చింది. "గిది బండ లెక్క ఉన్నది. మీద జర డొల్లగుంటెనేం, బరువు మోసేది కిందిదే. కింద మంచిగున్నది."

మొగిలికి అర్థమైంది. తండ్రి డొల్ల అన్న బానెట్టే ఆ బండిలో మిగిలిన అసలు రేకు. బండ అన్నదంతా లప్పం. బాయి కప్పు మోగకూడదు. కారు రేకు మోగాలి. ముప్పై ఏళ్ల చెవి ఇక్కడ సరిగ్గా తిరగబడింది. ఆ సంగతి తనకు తెలుసు. రాత్రి బాయిలో పనిచేసి, పగలు షెడ్డులో కూర్చుని లప్పం కొట్టించిన అన్నకు ఇంకా బాగా తెలుసు.

అన్నవైపు చూశాడు. భూపాల్ మీసం తుడుచుకుంటున్నాడు.

"నాయినా," అన్నాడు మొగిలి. "గిది బాయి కప్పు కాదు. కారు రేకు మోగాలె. మోగని కాడనే..."

"ఏమంటివి?"

"మోగని కాడ లప్పం ఉంటది."

లింగమూర్తి నిటారుగా నిలబడటానికి ప్రయత్నించాడు. "నేను ఎందరి ప్రాణాలు ఈ చెవి మీద మోసిన్నో నీకెరుకేనా? నాకు నేర్పుతున్నవారా?"

"నేర్పుతలేను నాయినా."

"మరేందిరా?" భూపాల్ అందుకున్నాడు. మెల్లగా, బుజ్జగిస్తున్నట్టుగా. "నాయిన చెవి చెడ్డదంటున్నవా? అనరాదు మరి. సదయ్యన్న ఉన్నడు. రోడ్డు మీద జనం ఉన్నరు. అందరు ఇనంగ అను."

మొగిలి సదయ్యవైపు చూసి తల దించుకున్నాడు.

"గట్టిది," అన్నాడు లింగమూర్తి. "బండి గట్టిది."

మాట బయటపడింది. సదయ్య తాళాల కోసం జేబు తడుముకుంటున్నాడు. అప్పుడే ఆటో ఆగింది.

రాజకుమారి దిగింది. చేతిలో దారం కట్టిన నల్లటి అయస్కాంతం. పాత స్పీకరులోది. బ్లౌజులు కుట్టేటప్పుడు నేల మీద రాలిన గుండుసూదులను దానితోనే ఏరుకుంటుంది. ఎవరినీ పలకరించలేదు. తిన్నగా బండి దగ్గరికి పోయి బానెట్టు మీద పెట్టింది. టక్కుమని అతుక్కుంది. లాగి తీసి, తలుపు కింద పెట్టింది.

జారి మట్టిలో పడింది.

ఇంకోచోట పెట్టింది. పడింది. చక్రం మీది రేకుకు పెట్టింది. పడింది.

"ఏందా ఆట?" అన్నాడు భూపాల్.

"ఆట కాదు బావా. ఇనుమైతె అంటుకోవాలె గద." దారం చివర మామ చేతికి అందించింది. "మామా, నా మాటొద్దు. నువ్వే పెట్టి చూడు."

లింగమూర్తి తీసుకున్నాడు. తాను బండ అన్నచోటే పెట్టాడు. పడింది. వంగలేని నడుముతో వంగి తీశాడు. ఎవరూ సాయం పట్టలేదు. మళ్లీ పెట్టాడు. మళ్లీ పడింది.

ఈసారి తీయలేదు. బొటనవేలితో అక్కడ నొక్కాడు. తెల్లటి పెచ్చు ఒకటి ఊడి వచ్చింది. కింద రేకు లేదు, గోధుమరంగు పొడి ఉంది. దాన్ని రెండు వేళ్ల మధ్య నలిపాడు. బాయిలో పట్టాలు చూశాడు, గొలుసులు చూశాడు, ఇనుప దిమ్మెలు చూశాడు. తుప్పు అతనికి కొత్త కాదు. నలిపి, నలిపి, వేళ్లను పంచెకు తుడుచుకున్నాడు.

"నేనేం గట్టిదని చెప్పలే కాకా," అన్నాడు సదయ్య ముందుజాగ్రత్తగా. "నువ్వే అన్నవ్."

భూపాల్ తండ్రి దగ్గరికి వచ్చి, భుజం మీద చెయ్యి వేశాడు.

"నాయినా. నేను నీ మాట మీద నిలబడ్డ. నీ చెవి గట్టిదన్నది. గీమె సూదులేరుకునే రాయి కాదంటున్నది. ఎవరి మాట నడువాలె? నువ్వెట్లంటె గట్ల. కాదంటె నేను ఏలెత్తి చూపెట్ట. గాని ఇంక నాకు నీకు గూడ మాటలుండయి."

అదే గొంతు. అదే బుజ్జగింపు. భుజం మీది చెయ్యి కొంచెం బిగిసిందేమో, రాజకుమారికి మాత్రం కనపడింది.

రెండు లారీలు పోయాయి. దుమ్ము లేచింది, తెల్లటి బానెట్టు మీద సన్నగా దిగింది.

"గట్టిదే," అన్నాడు లింగమూర్తి. "తీస్కోండ్రి."

"మామా!"

"ఒక్కసారి అన్నంక అన్ననే."

సదయ్య రెండు చేతులతో తాళాలు మొగిలికి అందించాడు. మొగిలి చెయ్యి చాపలేదు. భూపాల్ తీసుకుని, తమ్ముడి చొక్కాజేబులో దువ్వెన పక్కన వేశాడు.

*

రాజకుమారి ఆ బండి ఎక్కలేదు. వచ్చిన ఆటోలోనే తిరిగిపోయింది. భూపాల్ మోటార్‌సైకిల్ మీద ముందు పోయాడు. బండిలో తండ్రీ కొడుకులు ఇద్దరే మిగిలారు.

ఇంజను మంచిదే. ఆ పాపం దానికెందుకు? మొదటి తిప్పుకే అందుకుని, గుర్రుమంటూ కదిలింది. ఈ చప్పుడు కోసమే మొగిలి ఇన్నాళ్లూ ఎదురుచూశాడు. ఇప్పుడు దాన్ని వదిలేసి, కింది రేకు చప్పుడు కోసం చెవి పెట్టాడు.

తండ్రి ముందు సీట్లో కూర్చున్నాడు. కట్టె రెండు మోకాళ్ల మధ్య నిలబెట్టుకున్నాడు.

కొంతదూరం పోయాక మొగిలి పక్కకు చూశాడు. తండ్రి కాళ్లు కింద లేవు. నడుము నొప్పితో గట్టిగా కూర్చోలేని ముసలాయన, రెండు పాదాలూ పైకి లేపి, డాష్‌బోర్డు కింది కమ్మీకి మడమలు ఆనించి కూర్చున్నాడు. పట్టా మీద ఒక్క వేలైనా ఆనడం లేదు. కట్టె కొసను కూడా కింద పెట్టలేదు, పాదాల మీద పెట్టుకున్నాడు. నొప్పికి పళ్లు బిగపట్టాడు. అయినా కాళ్లు దించలేదు.

"నాయినా, కాళ్లు మంచిగ పెట్టుకో."

"నడుపు."

స్పీడు బ్రేకరు మీద బండి ఎగిరిపడింది. కింద ఏదో ఊడిన చప్పుడు. అద్దంలో చూస్తే రోడ్డు మీద తెల్లటి ముద్ద ఒకటి దొర్లి, వెనుక వస్తున్న లారీ కింద పొడైంది.

లింగమూర్తి వెనక్కి తిరగలేదు. కాళ్లు ఇంకొంచెం పైకి లాక్కున్నాడు.

*

కాలనీలోకి మలుపు తిరిగేసరికి ఇంటి ముందు జనం ఉన్నారు. భూపాల్ ముందుగానే చేరి, కొబ్బరికాయలు, నిమ్మకాయలు, పూలదండ సిద్ధం చేయించాడు. పంచాయితీ చేసిన బుచ్చన్నను ఇంటికి పోయి పిలుచుకొచ్చాడు. మమత పసుపు, కుంకుమ పళ్లెంలో పట్టుకుని నిలబడింది. నల్లా దగ్గర మాట మోసిన లింగవ్వ అందరికంటే ముందు వరుసలో ఉంది.

"అబ్బ, ఎంత మంచిగున్నదే," అంది లింగవ్వ, తనకేమీ తెలియనట్టు. "పెండ్లికొడుకు లెక్క ఉన్నది."

రాజకుమారి ముందు వసారా గడపలో కూర్చుని ఉంది. లేవలేదు. అత్త పోయి చెయ్యి పట్టుకుంటే విదిలించింది.

"రా బిడ్డా. నలుగురు చూస్తున్నరు."

"చూడనియ్యి అత్తా. చూడనీకే గద పిలిచిండు."

మొగిలి దిగాడు. తండ్రివైపు తలుపు తీసి పట్టుకున్నాడు. లింగమూర్తి దిగడానికి చాలాసేపు పట్టింది. లేపి పెట్టిన కాళ్లు తిమ్మిరెక్కాయి. కొడుకు భుజం పట్టుకుని నేల మీద నిలబడ్డాడు.

మమత బానెట్టుకు బొట్టు పెట్టింది. భూపాల్ కొబ్బరికాయ కొట్టాడు. ముక్కలు పంచుతూ, అందరికీ వినపడేట్టు గొంతు పెంచాడు.

"బుచ్చన్నా, నువ్వు సాక్ష్యం. నాడు నీ ముందట మాటిచ్చిన. నాయిననే తీస్కపోయిన, నాయిననే కొట్టి చూసిండు, నాయిననే గట్టిదన్నడు. నా మాట నేను నిలబెట్టుకున్న. ఇంకెవ్వలు నన్ను వేలెత్తి చూపెట్టద్దు."

"గట్లనే కానీ," అన్నాడు బుచ్చన్న కొబ్బరి నములుతూ. "చిన్నోడా, నీ నోటితోని గూడ ఒక్క మాటను. లెక్క తెగిందని. తెల్లారినంక మళ్ల పంచాయితీ ఉండదు."

భూపాల్ తమ్ముడి నోటి దగ్గరికి కొబ్బరిముక్క తెచ్చాడు. "అను తమ్మీ."

అందరూ మొగిలినే చూస్తున్నారు. అతను చూడటానికి ఎదురుగా గోడ లేదు.

కొబ్బరిముక్కను చేత్తో పక్కకు నెట్టాడు. నెమ్మదిగానే నెట్టాడు. అది కింద పడింది. మమత "అయ్యో" అంది. భూపాల్ ముఖంలోని నవ్వు అట్లాగే ఉండిపోయింది కాని, కళ్లు మారాయి.

"ఒక్కటడుగుత నాయినా," అన్నాడు మొగిలి. పెళ్లయి ఇన్నేళ్లలో భర్త గొంతు అంత స్థిరంగా రాజకుమారి వినలేదు. గడపలోంచి లేచి నిలబడింది.

లింగమూర్తి కట్టె మీద రెండు చేతులూ పెట్టుకుని నిలబడ్డాడు. "అడుగు."

"బండి గట్టిదన్నవు."

"అన్న."

"కింద బండ లెక్క ఉన్నదన్నవు."

"అన్న."

"మరి తొవ్వంత కాళ్లు లేపి ఎందుకు కూసున్నవ్?"

కొబ్బరి నమిలే నోళ్లు ఆగాయి. బుచ్చన్న లింగమూర్తివైపు చూశాడు. లింగవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏందిరా, నాయిన్ను అందరిల నిలదీస్తున్నవా?" భూపాల్ ముందుకొచ్చాడు.

"నిన్నడుగలే అన్నా. నాయిన్నడుగుతున్న."

"ఇంట్లకు పాండ్రి," అంది సారవ్వ. "ఏదున్నా లోపల..."

"లేదవ్వా. బయటనే అన్నడు గట్టిదని. బయటనే చెప్పాలె." మొగిలి తండ్రి మీది నుంచి చూపు తిప్పలేదు. "అయస్కాంతం పడ్డది. తుప్పు నీ ఏళ్లతోని నలిపి చూసినవ్. నేను చూసిన. నా బతుకు గా బండి మీదున్నదని నీకెరుకే. కావాల్నని ఎందుకన్నవ్ నాయినా? నేనేం చేసిన నీకు?"

లింగమూర్తి పెద్దకొడుకును చూశాడు. చిన్నకొడుకును చూశాడు. ముఖంలో సిగ్గు లేదు, కోపం లేదు. ఇన్నేళ్లు మనుషుల్ని లోపలికి పంపినప్పుడు ఏ గొంతుతో చెప్పేవాడో, అదే గొంతుతో చెప్పాడు.

"నువ్వేం చెయ్యలే. నీకు అన్యాయం చేస్తె నువ్వు ఓర్చుకుంటవు. వానికి చేస్తె వాడు ఓర్వడు."